అరుగుల మీద ఎర్ర అంకెలు

మా ఆయన పోయిన పదకొండో నెలలో ఆయన పేరు మీద మున్సిపాలిటీ నుంచి ఉత్తరం వచ్చింది. పాత బజారు వీధిని వారసత్వ ప్రాంతంగా గుర్తించే విషయమై స్థల పరిశీలనకు వస్తున్నామనీ, ఫలానా రోజు ఉదయం పది గంటలకు అర్జీదారు స్వయంగా హాజరు కావాలనీ అందులో ఉంది. ఉత్తరం తెచ్చిన వార్డు సచివాలయం ఉద్యోగి పుస్తకం చాపి సంతకం పెట్టమన్నాడు. అర్జీదారు లేరని చెప్పాను.

"మరి మీరు పెట్టండి మేడం. ఎవరో ఒకరు పెట్టాలి గదా" అన్నాడు.

పెట్టాను. అప్పటినుంచి ఆ పని నాదైపోయింది.

పల్నాడులో మాది ఒక చిన్న పట్టణం. పేరు రాయను. రాస్తే ఫలానా ఆఫీసరు, ఫలానా ఇల్లు అని వెతుక్కునేవాళ్లుంటారు. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. ఫిర్యాదు చేయాల్సి వస్తే ముందు నా మీద చేసుకోవాలి.

మా వీధిలో ముప్పై ఆరు ఇళ్లు. రెండు వైపులా నాపరాతి అరుగులు. అరుగుల మీద చెక్క స్తంభాలు, వాటి మీద పంచ. ఒక ఇంటి అరుగుకూ పక్కింటి అరుగుకూ మధ్య గోడ లేదు. వాన పడుతున్నప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు తల తడవకుండా నడిచి వెళ్లవచ్చు. పత్తి, మిర్చి వ్యాపారాలు చేసినవాళ్లు కట్టించుకున్న ఇళ్లు కొన్ని, వాటికి రాయి పరిచిన మేస్త్రీల ఇళ్లు కొన్ని. షావుకారుదైనా మేస్త్రీదైనా అరుగు ఎత్తు ఒక్కటే. అంతకుమించి చెప్పుకోవడానికి మా వీధికి ఏమీ లేదు. ఏ రాజూ ఇక్కడ ఉండలేదు. పల్నాటి యుద్ధం జరిగింది కారంపూడిలో, మా దగ్గర కాదు.

మా ఆయన సాగర్ కాలవల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాక, రెండు చలికాలాలు టేపు పట్టుకుని వీధి మొత్తం కొలిచారు. టేపు రెండో చివర నేను పట్టుకునేదాన్ని. నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను కాబట్టి వీధిలో అందరికీ టీచరమ్మను, ఆయన సారు. మేమిద్దరం పొద్దున్నే టేపుతో బయల్దేరితే ఎదురింటి మిర్చి వ్యాపారి, నేను బాబాయిగారూ అని పిలిచే పెద్దాయన, పేపరు పక్కన పెట్టి చూసేవాడు.

"ఏంది సార్, వీధికి పెళ్లిచూపులా? ముక్కు, చెవి, జడ అన్నీ కొలుస్తున్నారు!"

మా ఆయన నవ్వేవారు కాదు. అంకె మరిచిపోతానేమోనని పెదవుల కింద చెప్పుకుంటూ ఉండేవారు. అన్నీ పూర్తయ్యాక వీధి రెండు వైపులూ రెండు పొడుగాటి కాగితాల మీద గీశారు. ఆ కాగితాలు జతచేసి అర్జీ పెట్టారు. పాతదని కాపాడమనడం ఆయన ఉద్దేశం కాదు. ఇలా ముప్పై ఆరు ఇళ్ల వరస చెడకుండా ఉన్న చోటు పల్నాడులో తనకు ఇంకెక్కడా కనబడలేదని, అందుకని అడుగుతున్నానని రాశారు. అర్జీలో ఒక్క విశేషణం లేదు. నేను రాసి ఉంటే నాలుగైనా పడేవి.

మున్సిపాలిటీ ఒక వీధిని ఇలా గుర్తించాలంటే ఒక పద్ధతి ఉంది. ముందు ఆఫీసు వాళ్లు వచ్చి చూడాలి. ప్రతి ఇంటికీ ఒక అంకె వేసి, ఫోటో తీసి, జాబితా తయారుచేయాలి. ఆ జాబితాను నోటీసు బోర్డులో పెట్టి జనం అభ్యంతరాలు అడగాలి. విచారణ జరపాలి. తర్వాత కౌన్సిల్ తీర్మానం, ఆపైన ప్రభుత్వం ఉత్తర్వు. జాబితాలో చేరిన ఇంటి లోపల యజమాని ఏమైనా చేసుకోవచ్చు. వీధిలోకి కనబడే ముందుభాగం మార్చాలంటే మాత్రం అనుమతి కావాలి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఆ వీధిని వదిలేస్తారు. మా ఆయన అడిగింది ఈ చివరి మాట కోసమే.

ఎందుకంటే మెయిన్ బజారులో ఏం జరిగిందో మేమంతా చూశాం. కొన్నేళ్ల కిందట అక్కడ రోడ్డు వెడల్పు చేశారు. ముందు కొట్టేయాల్సిన భాగం మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టారు. గుర్తు పడినా కోర్టుకెళ్దాం, మంత్రిని కలుద్దాం అని కూర్చున్నవాళ్ల ఇళ్ల మీదకి ఒకరోజు జేసీబీ వచ్చింది. తలుపులు, దూలాలు, రాళ్లు అన్నీ కలిపి పొడి చేసి పోయింది. గుర్తు పడిన మర్నాడే కూలీలను పెట్టి తమ ఇంటి ముందుభాగం తామే విప్పుకున్నవాళ్లకు మాత్రం తలుపు తలుపులాగా, రాయి రాయిలాగా దక్కింది. అప్పటినుంచి మా ఊళ్లో అదొక ఆచారమైంది. గుర్తు పడిందా, మిషను రాకముందే మనమే విప్పుకోవాలి. దాని గురించి ఎవరూ ఎవరినీ అడగరు. పక్కింట్లో చావు జరిగితే వెంటనే లేచి వెళ్లినట్టు, పలుగు పట్టుకుని వెళ్తారు.

పరిశీలన రోజున టౌన్ ప్లానింగ్ ఆఫీసరు వచ్చాడు. బదిలీ మీద కొత్తగా వచ్చిన మనిషి. నలభై దాటి ఉంటాయి, మాటలో సీమ యాస. మా ఆయన గీసిన కాగితాలు చంకలో పెట్టుకుని వచ్చాడు. వాటిని అరుగు మీద పరిచి, ఎదురుగా ఉన్న ఇళ్లతో ఒక్కొక్కటీ పోల్చి చూశాడు.

"సార్ లేరని సచివాలయంలో చెప్పినారు మేడం. ఇట్లాంటి డ్రాయింగు మా ఆఫీసులో కూడా ఎవరూ వేయలేరు" అన్నాడు. మర్యాదకు అన్న మాట కాదని అర్థమైంది. ఎందుకంటే ఆ తర్వాత గంటసేపు ఇంకేమీ మాట్లాడలేదు, చూస్తూ నడిచాడు.

అతని వెంట రంగు డబ్బా, కుంచె పట్టుకుని ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. మొదటి ఇంటి దగ్గర ద్వారబంధం మీద ఒకటి అంకె వేయబోయాడు. అది నగిషీ చెక్కిన టేకు ద్వారబంధం. నేను ఆపాను.

"చెక్క మీద వద్దు బాబూ. పీల్చుకుంటే పోదు. అరుగు మీద వేయండి. రాయి కడిగితే పోతుంది."

అతను ఆఫీసరు వంక చూశాడు. ఆఫీసరు తలూపాడు. అలా ముప్పై ఆరు ఇళ్లకూ అరుగు అంచు మీద ఎర్ర అంకెలు పడ్డాయి. ఎర్ర రంగు ఎందుకని నేను అడగలేదు. ఆఫీసులో ఆ డబ్బా ఉంది, అది తెచ్చారు. అంతే అయివుంటుంది.

ఆ పొద్దున వీధిలో మగవాళ్లు చాలామంది పనుల మీద వెళ్లిపోయి ఉన్నారు. ఆడవాళ్లు గుమ్మాల్లోంచి చూశారు. ఎవరూ దగ్గరికి వచ్చి అడగలేదు, నేనూ ఎవరి ఇంటికీ వెళ్లి చెప్పలేదు. దానికి కారణం ఉంది. మా వైపు భర్త పోయిన ఆడమనిషి ఏడాది తిరిగేదాకా ఇతరుల గడప తొక్కదు. నాకు ఆ పట్టింపు లేదు. మా వీధిలో కూడా ఎవరైనా నన్ను రావద్దని అనేవాళ్లు కాదు. అయినా ఆ ఏడాది నాకది వాటంగా ఉండింది. ఎవరింటికీ వెళ్లక్కర్లేదు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అలిసిపోయిన మనిషికి ఆచారం ఒక తలుపులాగా పనికొస్తుంది. వాళ్లు కూడా నన్ను కదిలించడం ఇష్టంలేక దూరంగానే ఉన్నారు. అంకెలు దేనికో అందరికీ తెలిసే ఉంటుందిలే అనుకున్నాను. అర్జీ సంగతి ఆయన నాలుగేళ్ల కిందట అందరికీ చెప్పారు గదా అనుకున్నాను. నాలుగేళ్ల కిందటి మాట ఎవరికి గుర్తుంటుంది?

మర్నాడు పొద్దున బస్సుకు నేను ఎడ్లపాడు వెళ్లాను. మా ఆయన సొంతూరు దాని పక్కనే. సంవత్సరీకం అక్కడ మా మరిది పెట్టాడు. మాకు పిల్లలు లేరు. ఆ పనులన్నీ అయి తిరిగి వచ్చేసరికి ఆరు రోజులు పట్టింది.

బస్టాండు నుంచి ఆటోలో వచ్చాను. ఎప్పుడూ మలుపులో దింపే ఆటో ఆ రోజు నేరుగా వీధిలోకి తిరిగింది. నాకు మొదట అదే అర్థం కాలేదు. ఆటో లోపలికి ఎలా వస్తోంది అనుకున్నాను. తర్వాత చూశాను. కనబడినంత మేర రెండు వైపులా అరుగులు లేవు. అరుగులున్న చోట తెల్లటి సున్నం, మట్టి. ఇళ్ల తలుపులు నేల నుంచి మూడడుగుల ఎత్తున గాలిలో ఉన్నట్టున్నాయి. వాటి కింద ఇటుకలు, పీటలు, ఒకచోట గ్యాసు సిలిండరు మెట్టుగా పెట్టుకుని జనం ఎక్కి దిగుతున్నారు. స్తంభాలు విప్పి గోడలకు చేరవేశారు. పంచ కప్పులు తీసేశారు. ప్రతి ఇంటి పక్కనా నాపరాళ్లు ఒకదాని మీద ఒకటి పద్ధతిగా పేర్చి ఉన్నాయి.

మా పక్కింటి మేస్త్రి మా ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. వాళ్లది తరతరాలుగా నాపరాయి పరిచే పని. మా వీధి అరుగులు వాళ్ల తాత ముత్తాతలు పరిచినవే. ఆటో దిగిన నా చేతిలో సంచి అందుకున్నాడు.

"మీ అరుగు కూడా తీసేశాం టీచరమ్మగారూ. మీరు దిగులు పడమాకండి. నేనే దగ్గరుండి తీశా. ఒక్క రాయి పగల్లేదు, ఒక్కటంటే ఒక్కటి! పెరట్లో పేర్పించా. మీ తలుపు కాడికి కూడా మిషను రాదిక."

అతని చేతులు సున్నంతో తెల్లగా ఉన్నాయి. వేళ్లు చిట్లి ఉన్నాయి.

"ఎవరు తీయమన్నారు?" అన్నాను.

"ఒకరు చెప్పాలా? మార్కింగ్ పడింది గదా! మీరు బస్సెక్కిన రోజు మధ్యాన్నానికే బాబాయిగారు కూలోళ్లను పెట్టేశాడు. ఆయన తీస్తున్నాడంటే ఇంక మేం ఆగుతామా? నాలుగు రోజుల్లో వీధి మొత్తం లేపేశాం."

అతని భార్య గుమ్మంలోంచి గట్టిగా అంది, "ముందు అక్కను కూచోనియ్యి. బస్సులో పడి వచ్చింది. నీ రాళ్ల కథ పారిపోద్దా?"

ఆమె టీ తెచ్చింది. నేను ఇంట్లోకి ఎక్కడానికి మేస్త్రి ఒక పీట వేసి చెయ్యి పట్టుకున్నాడు. ఆ సాయంత్రం నేను వాళ్లకు చెప్పలేకపోయాను. వాళ్లు నాకోసం వేళ్లు చిట్లేలా పనిచేశారు. ఆ అంకెలు ఈ అరుగులను కాపాడటానికి వేసినవని, చెక్క పాడవుతుందని వాటిని అరుగు మీదకి మార్పించింది నేనేనని ఏ నోటితో చెప్పను?

మర్నాడు ఆఫీసరుకు ఫోన్ చేశాను. వచ్చాడు. వీధి మలుపులో స్కూటరు ఆపి, అక్కడే నిలబడిపోయాడు. చాలాసేపు లోపలికి రాలేదు. నేను దగ్గరికి వెళ్లేసరికి హెల్మెట్ ఇంకా తలమీదే ఉంది.

"ఏమి మేడం ఇది?" అన్నాడు మెల్లగా.

ఏం జరిగిందో చెప్పాను. కాపాడటానికి వేసిన గుర్తు చూసి కూల్చుకున్నారని నలుగురికీ తెలిస్తే మున్సిపాలిటీ పరువు, తన ఉద్యోగం ఏమవుతాయోనన్న ఆలోచన అతని ముఖంలో కనిపించింది. కానీ దాని గురించి మాట్లాడలేదు. వీధి రెండు వైపులా నడిచి చూశాడు. నాలుగు ఇళ్లకు మాత్రం అరుగులు అలాగే ఉన్నాయి. స్తంభాలు, పంచ, ఎర్ర అంకె, అన్నీ ఉన్నాయి. అవి తాళాలు వేసిన ఇళ్లు. యజమానులు హైదరాబాదులోనో గుంటూరులోనో ఉంటారు. కాపాడటానికి ఎవరూ లేకపోవడం వల్ల మిగిలాయి.

"రెండు నెలల్లో మళ్లీ పరచగలిగితే ప్రపోజల్ ముందుకు పంపుతా మేడం. ఉన్న రాయి ఉన్నట్టు పెట్టాల. లేకపోతే మాత్రం, వరస ఉందని గదా సార్ రాసింది... వరస లేకుండా నేనేమి పంపేది?"

జాబితా నోటీసు బోర్డులో పడింది. అంకెలు రోడ్డు కోసం కాదని అప్పుడు అందరికీ తెలిసింది. ఆ రెండు రోజులు వీధిలో పెద్ద గొడవ. ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నారు. ముందు పలుగు వేసింది నువ్వంటే నువ్వని. బాబాయిగారి ముఖం చిన్నబోయింది. ఆయన్ను చూసి మేస్త్రి భార్య అననే అంది, "మిర్చి రేటు పడిపోద్దని నెల ముందే చెప్తావు. అరుగు మీద ఏం రాశారో చదవలేకపోయావా?"

"నేను చదివానమ్మే! ఒకటి అని ఉంది. ఒకటి అంటే నాదే ముందు కొడతారనుకున్నా!" అన్నాడు ఆయన.

నేను మాత్రం నోరు విప్పలేదు. అందరూ బాబాయిగారిని అంటుంటే వింటూ నిలబడ్డాను. ఈ వయసులో కూడా అంత పిరికిగా ఉండగలనని నాకు తెలియదు.

ఏడాది తిరిగిపోయింది కాబట్టి ఇంటింటికీ వెళ్లాను. మళ్లీ పరచుకుందామని అడిగాను. మేస్త్రి ఇష్టంగానే ఒప్పుకున్నాడు, కానీ నిజం చెప్పాడు.

"పరచొచ్చు టీచరమ్మగారూ. రాయి అదే. కానీ గానుగ సున్నం యాడ తెస్తాం, దానికి ఇన్నేళ్ల పట్టు యాడ తెస్తాం? సిమెంటు పెట్టి పరిస్తే అరుగులాగా ఉంటది. ఎండకు రాయి లేచిపోద్ది. మా తాత చూస్తే తన్నుతాడు."

మొదటి వారం పది ఇళ్లవాళ్లు సరే అన్నారు. రెండో వారానికి ఆ పదిలో ఐదు వెనక్కి తగ్గాయి. ఈలోగా వీధి మారడం మొదలైంది. అరుగులు పోయిన చోట బైకులు నిలబెట్టారు. ఒకాయన కారు తెచ్చి ఇంటి ముందు పెట్టాడు. ఎన్నో ఏళ్లుగా మలుపులో పెట్టి దాని వంక చూడటానికి నడిచి వెళ్లే మనిషి. కూరగాయల బండి, నీళ్ల క్యాన్ల ఆటో గుమ్మం దాకా వస్తున్నాయి. ఆడవాళ్లకు అది సుఖంగా ఉంది. వాళ్లను ఎలా తప్పుపట్టను? క్యాను మోసేది వాళ్లే.

అభ్యంతరాలకు గడువు ఇంకా మూడు రోజులుందనగా మేస్త్రి భార్య మా ఇంటికి వచ్చింది. వెనక ఇంకో నలుగురు. ఆమె మిషను కుడుతుంది. చీకటి గదిలో కుట్టీ కుట్టీ కళ్లు పోతున్నాయని చాలాకాలంగా అంటోంది. అరుగు పోయిన స్థలంలో ఒక చిన్న గది వేసి షట్టరు పెట్టుకోవాలని ఇప్పుడు ఆమె ఆశ. వీధి జాబితాలో చేరితే అది కుదరదు.

"అక్కా, నిన్ను అడగటానికి సిగ్గుగానే ఉంది. మేం అబ్జెక్షన్ పెట్టాలనుకుంటున్నాం. రాసేవాళ్లు లేరు. ఈ వీధి అర్జీలన్నీ నువ్వే గదా రాసేది" అంది.

అది నిజం. నీళ్ల కొళాయికి, పింఛనుకు, కరెంటు స్తంభానికి, మా వీధిలో ఏ అర్జీ అయినా నేనే రాస్తాను.

"సారు పెట్టిన దాని మీద సారు భార్య చేత అబ్జెక్షన్ రాయిస్తావా? నీకసలు బుద్ధుందా?" అన్నాడు బాబాయిగారు వెనకనుంచి. ఆయన కూడా సంతకం పెట్టడానికే వచ్చాడు.

"బుద్ధి ఉంటే అరుగు పీక్కుంటామా" అందామె.

కాగితం తీసుకున్నాను. ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నాను. షట్టరు, కారు, నీళ్ల ఆటో. పైన ఇంకో అంతస్తు వేసుకోవాలంటే ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుందన్న భయం. చివరకి బాబాయిగారి వంతు వచ్చింది. ఆయన కొంచెంసేపు నా వంక చూశాడు.

"ఇది రాయొచ్చో లేదో నువ్వే చెప్పమ్మా. ఆరోజు సారుకు గుండెల్లో నొప్పొచ్చినప్పుడు అంబులెన్సు లోపలికి రాలేదు. రెండు వైపులా అరుగులు. మనం ఆయన్ని కుర్చీలో కూచోబెట్టి మలుపు దాకా మోశాం. నేనొక కాలు పట్టుకున్నా, మేస్త్రి ఒక కాలు. ఆ నడిచినంతసేపూ నాకు ఒకటే అనిపించింది, ఈ అరుగులు లేకపోతే బండి గుమ్మంలోకి వచ్చేది గదా అని. రేపు నాకూ అంతే గదా."

నేను కూడా ఆ సంగతి ఆలోచించకపోలేదు. ఆ ఏడాదిలో చాలాసార్లు లెక్కవేశాను. కుర్చీలో మోయడానికి పట్టింది ఐదారు నిమిషాలు. ఆ నిమిషాలు మిగిలి ఉంటే ఏమయ్యేదో డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. ఆయన ప్రేమగా కొలిచిన అరుగులు ఆయనకు అడ్డం వచ్చాయా లేదా అన్నది నాకు ఎప్పటికీ తెలియదు. తెలియని దాన్ని తెలియదనే రాయాలి.

"రాయొచ్చు" అన్నాను. రాశాను. "అత్యవసర సమయంలో అంబులెన్సు ఈ వీధిలోకి రాలేకపోయిన సందర్భం గత ఏడాది ఉన్నది." అంతే రాశాను. అందరూ సంతకాలు పెట్టారు. ఒకామె వేలిముద్ర వేసింది.

విచారణ మున్సిపల్ ఆఫీసు పై అంతస్తులో జరిగింది. వీధి నుంచి పాతికమంది వచ్చారు. ఆఫీసరు ఒక్కో అభ్యంతరం పైకి చదివి ఎవరైనా మాట్లాడతారా అని అడిగాడు. అంబులెన్సు దగ్గరకు వచ్చేసరికి ఆగాడు.

"ఇది ఎవరికి జరిగింది?"

"అర్జీదారుకు" అన్నాను.

అతను నా వంక చూశాడు, ఆ కాగితం వంక చూశాడు. కాగితం కింద పెట్టి నీళ్లు తాగాడు. తర్వాత, అర్జీదారు తరఫున ఏమైనా చెప్పేది ఉందా అని అడిగాడు. ఆ మాటకు నేను లేచాను. ముందుగా అనుకున్నవి రెండు మూడు ఉన్నాయి. రాతి వరస గురించి, వాన గురించి. అవేవీ చెప్పలేదు.

"అంకెలు తలుపు మీద వేస్తుంటే అరుగు మీద వేయమన్నది నేను. చెక్క పాడవుతుందని అన్నాను. అరుగు మీద పడబట్టే అందరూ రోడ్డు మార్కింగ్ అనుకున్నారు. ఎవరికీ చెప్పకుండా ఊరికి పోయాను. తప్పు బాబాయిగారిది కాదు" అన్నాను.

నన్ను ఏమైనా అంటే బాగుండుననిపించింది. మేస్త్రి భార్య కూర్చున్నచోటు నుంచే అంది:

"ఊరుకో అక్కా. నువ్వు తలుపు మీద వేయించి ఉంటే మేం తలుపులే పీకేవాళ్లం."

ముందు బాబాయిగారు నవ్వాడు. తర్వాత గది మొత్తం నవ్వింది. ఆఫీసరు కూడా తల వంచుకుని నవ్వాడు. నేను కూర్చున్నాను.

అతను ఫైలులో కొంతసేపు రాసుకుని తన అభిప్రాయం చెప్పాడు. వీధిని వీధిగా ప్రతిపాదించడం విరమించుకుంటారు. అరుగులు మిగిలిన నాలుగు ఇళ్లను విడివిడిగా జాబితాలో పెడతారు, యజమానులు ఒప్పుకుంటే. వాళ్లకు ఉత్తరాలు వెళతాయి. మనుషులున్న ముప్పై రెండు ఇళ్లకు ఏ రక్షణా లేదు. ఎవరూ లేని నాలుగు ఇళ్లను ప్రభుత్వం కాపాడుతుంది. ఇందులో వెక్కిరింత ఏమీ లేదు. నియమం ప్రకారం అది సరైన నిర్ణయమే. నేను అతని స్థానంలో ఉన్నా అదే రాసేదాన్ని.

"మీ ఇల్లు ఒక్కటీ ఐదోదిగా పెట్టొచ్చు మేడం. అరుగు మళ్లీ పరిపిస్తే" అన్నాడు మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా.

"ఒక్కదానికి ఎందుకండీ" అన్నాను.

"సార్ ఉంటే ఏమనుకునేవారో."

"ముప్పై ఏళ్లు కాలవలు గీశారు. గీసినవాటిలో తవ్వినవి సగం కూడా ఉండవు. ఆయనకు అలవాటే."

అతను ఫైలు కట్టి పక్కన పెట్టాడు. జనం లేవబోతుంటే బాబాయిగారు చెయ్యెత్తాడు. అరుగులు తీసేశాక వాన పడితే నీళ్లన్నీ గుమ్మాల కింద నిలుస్తున్నాయనీ, వచ్చింది ఎట్టాగూ వచ్చాం కాబట్టి సైడు కాలవ సంగతి తేల్చమనీ అడిగాడు. దాంతో అందరూ మళ్లీ కూర్చుని ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. వాలు వీధి అవతలి చివరున్న బావి వైపు ఉందని మేస్త్రి, మలుపు వైపని బాబాయిగారు.

"రాయి పరిచినోణ్ణి నేను. నాకు తెలవదా?"

"నీళ్లు తోడినోణ్ణి నేను! ఇల్లు మునిగేది నాది!"

ఆఫీసరు పెన్ను పట్టుకుని ఇద్దరి మధ్యా ఎదురుచూస్తున్నాడు. వాలు మలుపు వైపే. ఈ చివరకూ ఆ చివరకూ అడుగున్నర తేడా. మొదటి చలికాలంలో, నీళ్లు నింపిన ప్లాస్టిక్ ట్యూబు చెరో చివర పట్టుకుని, రెండు చోట్లా నీటి మట్టం పోల్చి మేమిద్దరం చూసిన లెక్క అది.

వాళ్లు కొంచెం తగ్గాక ఆ సంగతి చెప్పాను. ఆఫీసరు రాసుకున్నాడు.